ఆరు నెలలు నిండని చెవుడు

చెరకు పండే నేలలో మిల్లు ఆడే కాలం వేరు, ఆడని కాలం వేరు. అనకాపల్లి జిల్లాలోని యలమంచిలి చుట్టుపక్కల ఆ సీజను డిసెంబరు ప్రాంతంలో మొదలై మార్చికో ఏప్రిల్‌కో ముగుస్తుంది. రాత్రీపగలూ ఆగకుండా గానుగ ఆడే ఈ నాలుగైదు నెలలను రైతు బాకీలతో లెక్కగడతాడు, మిల్లు యాజమాన్యం టన్నులతో, రికవరీ శాతంతో లెక్కగడుతుంది. యంత్రం పక్కన నిలబడి పనిచేసిన మనిషి చెవికి కూడా ఈ నాలుగైదు నెలలతో సంబంధం ఉంది. మోత వల్ల వచ్చిన చెవుడును పని తెచ్చిన జబ్బుగా ఒప్పుకోవడానికి మన పరిహార చట్టం అడిగిన గడువు ఆరు నెలలు. సీజను అంతకాలం ఉండదు. కార్మికుల వినికిడి నష్టం లెక్కల్లోకి ఎక్కకపోవడానికి చెవులు గట్టివి కావడమో, యంత్రాలు మెత్తనివి కావడమో కారణం కాదని నా వాదన. ఈ ప్రాంతపు పనులు ఎలా నడుస్తాయో చూడకుండా కొలబద్దలు తయారుచేశారు. అందువల్ల జబ్బు ఉన్నా దానికి నమోదు లేకుండా పోయింది.

ఇక్కడి పనుల్లోకి మోత వచ్చిన క్రమం చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. ఆ మార్కెట్‌ను పోషించినవి చుట్టూ ఉన్న ఊళ్లలో పొలాల గట్ల మీద వెలసిన గానుగలు. ఎడ్లు తిప్పే గానుగలో రొద లేదని కాదు గానీ, ఆ కిర్రుమనే చప్పుడు చెవిని చెడగొట్టేది కాదు. 1870లలో బీహార్‌లోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు తయారుచేసిన ఇనుప రోలర్ల గానుగ క్రమంగా దేశమంతా పాకి, రాతి గానుగలనూ కొయ్య గానుగలనూ పక్కకు నెట్టింది. అప్పటికీ దాన్ని తిప్పింది ఎద్దే. అసలు మార్పు ఆయిల్ ఇంజనుతో మొదలైంది. ఆ తర్వాత కరెంటు మోటారు వచ్చింది. వీటితో గానుగ దగ్గర మాట్లాడే గొంతు పెరిగింది. పక్కనున్న వాడికి వినబడాలంటే అరవాల్సి రావడమే మోత హద్దు మీరిందనడానికి మొదటి గుర్తు. ఏ పరికరమూ లేకుండా ఎవరైనా పట్టగలిగిన గుర్తు కూడా ఇదే. చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే తప్ప మాట్లాడలేకపోతున్నారంటే, అక్కడ శబ్దం సుమారు 85 డెసిబెళ్లకు చేరిందని వృత్తి వైద్యులు లెక్కవేస్తారు.

పెద్ద మోత మాత్రం చక్కెర మిల్లుతోనే వచ్చింది. 1932లో కేంద్ర ప్రభుత్వం విదేశీ చక్కెర మీద రక్షణ సుంకం విధించడంతో దేశమంతటా మిల్లులు లేచాయి. సహకార పద్ధతిలో మిల్లు పెట్టాలన్న తొలి ప్రయత్నాలు ఆ దశకంలోనే తుమ్మపాల, ఏటికొప్పాక, వుయ్యూరులలోనూ, ఉత్తరప్రదేశ్‌లోని బిస్వాన్‌లోనూ జరిగాయి. వాటిలో సహకార సంఘంగా నిలదొక్కుకున్నది యలమంచిలి మండలంలోని ఏటికొప్పాకే. దేశ సహకార చరిత్రలో ఈ ఊరి పేరు గర్వంగా చెప్పుకోదగినది. చెరకు పండించినవాడే మిల్లుకు యజమాని కావడం చిన్న సంగతి కాదు. అయితే యజమాని రైతు అయినా, దళారి అయినా, కంపెనీ అయినా, యంత్రం చేసే చప్పుడు మారదు. చెరకును నరికే కత్తులు, నలగ్గొట్టే ష్రెడ్డర్, రోలర్లను తిప్పే ఆవిరి టర్బైన్లు, వాటి గేర్లు, పంచదారను మొలాసిస్ నుంచి విడగొట్టే సెంట్రిఫ్యూగల్ యంత్రాలు, బాయిలర్ వాల్వు తెరుచుకున్నప్పుడు ఎగజిమ్మే ఆవిరి, అన్నీ ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి. ఇలాంటి చోట 90 డెసిబెళ్లు దాటడం మామూలు విషయం. పైన రేకులు, కింద సిమెంటు నేల ఉండటంతో చప్పుడు బయటికి పోకుండా లోపలే తిరిగి తిరిగి తగులుతుంది.

ఈ మోత చెవికి చేసే హాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి అపోహలన్నీ హాని జరిగే తీరు తెలియకపోవడం వల్ల పుట్టినవే. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దపు కదలికను నరానికి సంకేతంగా అందించేవి అవే. పెద్ద శబ్దం గంటల తరబడి తగిలితే అవి అలసిపోతాయి. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్‌మనే హోరు, మాటలు మందంగా వినబడటం ఆ అలసట వల్ల కలిగేవే. తెల్లారేసరికి తేరుకుంటాయి. కానీ రోజూ ఇదే సాగితే కొన్ని తేరుకోవు. మనిషిలో చచ్చిన రోమకణం మళ్లీ పుట్టదు. నష్టం ముందుగా 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నని ధ్వనుల దగ్గర మొదలవుతుంది. తెలుగు మాటల్లో అచ్చులు లావు ధ్వనులు, అవి వినబడుతూనే ఉంటాయి. స, శ, త, క వంటి హల్లుల్లోని సన్నని భాగం మాసిపోతుంది. కాబట్టి ఈ చెవుడు వచ్చిన మనిషికి ఎదుటివాడు మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. ఇంట్లో వాళ్లు ‘వినబడుతుంది గానీ పట్టించుకోడు’ అనుకుంటారు. అరిస్తే ‘ఎందుకలా అరుస్తావు’ అని ఆయన విసుక్కుంటాడు. అచ్చుల గట్టిదనం మాత్రమే పెరిగిన అరుపు ఆయనకు ఉపయోగపడదు మరి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: 4,000 హెర్ట్జ్ దగ్గరి నష్టంలో ఎక్కువ భాగం మోతలో పనిచేసిన మొదటి పది, పదిహేనేళ్లలోనే జరిగిపోతుంది.

ఇదంతా ఈమధ్య కనిపెట్టిన విషయమైతే, పాతకాలపు చట్టాలను తప్పుపట్టే హక్కు మనకు ఉండేది కాదు. కానీ ఏటికొప్పాక మిల్లులో చెరకు ఆడటానికి రెండు శతాబ్దాల ముందే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని, వృత్తుల జబ్బుల మీద రాసిన గ్రంథంలో, వెనిస్‌లో రాగిపాత్రలు కొట్టే కంచరులు ఆ సుత్తి దెబ్బలకు చెవిటివాళ్లవుతున్నారని రాశాడు. 1886లో గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ 100 మంది బాయిలర్ తయారీ కార్మికుల చెవులు పరీక్షిస్తే, ఒక్కరికి కూడా మామూలు వినికిడి లేదని తేలింది. మన ఉత్తరాంధ్రకు ఇంకా దగ్గరి ఉదాహరణ స్కాట్లండ్‌లోని డండీ. జనపనార నేతకు ప్రపంచ కేంద్రంగా వెలిగిన ఊరది. చిట్టివలస, నెల్లిమర్ల జూట్ మిల్లుల వంటి వాటికి మాతృక అయిన యంత్ర పద్ధతి పెరిగింది అక్కడే. 1965లో టేలర్, పియర్సన్, మెయిర్, బర్న్స్ అనే పరిశోధకులు డండీ నేత కార్మికురాళ్ల వినికిడిని కొలిచి, ఎన్నేళ్లు మగ్గం దగ్గర ఉంటే ఎంత పోతుందో అచ్చు వేశారు. మోత స్థాయి, పనిచేసిన ఏళ్లు, పోయిన వినికిడి, ఈ మూడింటి మధ్య ఉన్న సంబంధం అంతటితో అంకెల్లోకి వచ్చింది. యంత్రాలు ఓడల్లో ఇక్కడికి వచ్చాయి. వాటి మోత గురించి అక్కడ పోగైన జ్ఞానం వాటితోపాటు రాలేదు.

మన చట్టాల దగ్గరికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఫ్యాక్టరీల చట్టం, ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం రెండూ వచ్చాయి. మోత వల్ల కలిగే వినికిడి నష్టం ఫ్యాక్టరీల చట్టంలోని మూడో షెడ్యూలులో ఉండేది. యజమానీ, పరీక్షించిన వైద్యుడూ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల పట్టిక అది. ఈఎస్ఐ చట్టంలోనూ, 1923 నాటి పరిహార చట్టంలోనూ వృత్తి జబ్బుల జాబితాలో అదే జబ్బు కనిపించేది. కాగితం మీద ఇంతకంటే అడగడానికి ఏమీ లేదు. అయినా ఈ జబ్బుకు దేశంలో మొట్టమొదటి పరిహారం అందింది 1996లోనే అని మన వృత్తి ఆరోగ్య పరిశోధకులు నమోదు చేశారు. దాదాపు అర్ధశతాబ్దం పాటు జూట్ మిల్లుల్లో, ఓడల కర్మాగారాల్లో, రైలు వర్క్‌షాపుల్లో ఒక్క చెవి కూడా చెడలేదని నమ్మగలిగిన వారెవరూ ఉండరు. తప్పు ఎక్కడుందో షరతుల్లో వెతకాలి.

మొదటి షరతు ఈఎస్ఐ చట్టంలోనే ఉండేది. సీజనల్ ఫ్యాక్టరీలకు ఆ చట్టం వర్తించేది కాదు. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో పత్తి జిన్నింగ్, వేరుశనగ కాయ వలిచే పని, కాఫీ, టీ వంటి వాటితోపాటు చక్కెర తయారీ పేరు పెట్టి మరీ ఉండేది, బెల్లంతో సహా అని కూడా చట్టమే స్పష్టం చేసింది. అనకాపల్లి నుంచి పాయకరావుపేట దాకా ఉన్న ఈ ప్రాంతానికి జీవనాధారాలైన రెండు పరిశ్రమలూ ఒకే వాక్యంతో బీమా బయటికి పోయాయి. ఈఎస్ఐ లేని కార్మికుడికి మిగిలింది పరిహార చట్టం. అందులో ఈ జబ్బు మూడో షెడ్యూలు బి భాగంలో ఉండేది. బి భాగం జబ్బు పని వల్లనే వచ్చిందని చట్టం తనంతట తాను భావించాలంటే, కార్మికుడు ఆ యజమాని దగ్గర విరామం లేకుండా కనీసం ఆరు నెలలు ఆ పని చేసి ఉండాలి. మిల్లులో పర్మినెంటు ఉద్యోగికి ఇది అడ్డు కాదు. సీజను కూలీకి మాత్రం ఇరవై ఏళ్లు వరుసగా అదే మిల్లులో, అదే యంత్రం పక్కన నిలబడినా ఒక్కసారి కూడా ఆరు నెలలు నిండవు. ఏటా నాలుగైదు నెలల చొప్పున చెవి పోతూనే ఉంటుంది. రుజువు భారం మాత్రం ఏటా తిరిగి ఆయన మీదే పడుతుంది.

ఇవి దాటుకుని వచ్చినవాడికి ఇంకో గోడ ఉంది. పరిహార చట్టపు మొదటి షెడ్యూలు పూర్తి చెవుడును నూటికి నూరు శాతం సంపాదన శక్తి పోయినట్టుగా లెక్కగట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల ధ్వనుల దగ్గర 60 డెసిబెళ్ల నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. కానీ మోత ఒక్కటే మనిషిని పూర్తి చెవిటివాణ్ని చేయడం అరుదు. అది సన్నని ధ్వనులను తినేసి, లావు ధ్వనులను చాలావరకు వదిలేస్తుంది. అంటే ఈ జబ్బు తన స్వభావం వల్లనే సర్టిఫికెట్ గీతకు కొంచెం ఇవతల ఆగిపోతుంది. బజారులో బేరం ఆడలేనివాడు, ఫోనులో కూతురి మాట పోల్చుకోలేనివాడు, వెనక వచ్చే లారీ హారను ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియనివాడు, చట్టం దృష్టిలో చెవులు బాగున్నవాడే.

మోతకు మనం పెట్టుకున్న హద్దు కూడా ఉదారమైనదే. ఫ్యాక్టరీల చట్టం కింది నమూనా నియమాల ప్రకారం 8 గంటల షిఫ్టుకు 90 డెసిబెళ్ల దాకా అనుమతి ఉంది. ఆపైన ప్రతి 5 డెసిబెళ్లకూ పనివేళ సగమవుతుంది, కాబట్టి 100 డెసిబెళ్ల దగ్గర 2 గంటలు నిలబడవచ్చు. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు 85 డెసిబెళ్లు, 3 డెసిబెళ్లకే వేళ సగం. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర ఉండదగింది 15 నిమిషాలు. శబ్దశక్తి 3 డెసిబెళ్లకే రెట్టింపవుతుంది కాబట్టి ఈ రెండో లెక్క భౌతికశాస్త్రానికి దగ్గరగా ఉంది. అన్నట్టు మన గనుల భద్రతా విభాగం 1975లోనే 85ను హెచ్చరిక గీతగా, 90ని ప్రమాదపు గీతగా చెప్పింది. ఫ్యాక్టరీకి వచ్చేసరికి ఆ ప్రమాదపు గీతే అనుమతి గీత అయింది.

ఇక చక్కెర మిల్లు దాటి చూస్తే, అనకాపల్లి జిల్లా కొండల్లోని నల్లరాయి క్వారీలు, మెటల్ క్రషర్లు కనబడతాయి. రాయిని నమిలే దవడల యంత్రం, జల్లెడ, డ్రిల్లింగ్, బాంబు పేలుడు కలిసి చెవికి చక్కెర మిల్లు కంటే ఎక్కువ హాని చేస్తాయి. పేలుడు లాంటి చప్పుడుకు రోమకణాలు అలసిపోయే వ్యవధి కూడా దొరకదు. క్రషర్లలో పనిచేసేవారు పది మందో, పదిహేను మందో ఉంటారు, వారిలో వలస వచ్చినవారు ఎక్కువ. పాత ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి ఆ సంఖ్యను ఇరవై చేసింది. ఈఎస్ఐ, పరిహార చట్టాల స్థానంలో అదేరోజు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి ఈఎస్ఐ నుంచి సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించే ఉంచింది. కొత్త చట్టాలు పాత కంతల్లో ఒకదాన్ని పూడ్చలేదు, ఒకదాన్ని పెద్దది చేశాయి.

ఈ ప్రాంతంలోనే ఇంకో పరిశ్రమ చరిత్ర దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క పట్టించే ఈ కళలో, ఒకప్పుడు వాడకంలోకి వచ్చిన రసాయన రంగులు పిల్లల నోట్లోకి పోతే ప్రమాదమన్న మాట గట్టిగా వినబడింది. చింతలపాటి వెంకటపతి రాజు వంటివారి కృషితో చెట్ల రంగులు తిరిగి వచ్చాయి. ఇది నిజంగా మెచ్చుకోదగిన మార్పు. బొమ్మ కొనేవాడికి రంగు వల్ల భయం ఉంది కాబట్టి రంగు మారింది. పంచదార కొనేవాడికి ష్రెడ్డర్ చప్పుడు వల్ల భయం లేదు. కొనేవాడి భయం అందని చోట చట్టమే పనిచేయాలి, చట్టం పుట్టిందే అందుకు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయినప్పుడు ప్రభుత్వం కదిలింది, ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. కదలాల్సిందే. ప్రమాదానికి తేదీ ఉంటుంది, మృతుల సంఖ్య ఉంటుంది. చెవుడుకు తేదీ ఉండదు, అందుకని దానికి కొలత అవసరం ఇంకా ఎక్కువ.

వయసు మీదపడితే ఎవరికైనా చెవుడు వస్తుందనీ, దాన్ని మిల్లుకు అంటగట్టడం న్యాయం కాదనీ అనేవారున్నారు. వయసు వల్ల వినికిడి తగ్గుతుందన్నది నిజమే. అయితే రెండూ ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష పటం మీద ఒకలా కనబడవు. వయసు తెచ్చే నష్టం సన్నని ధ్వనుల వైపు పోయేకొద్దీ ఏటవాలుగా దిగుతుంది. మోత తెచ్చే నష్టం తొలి దశలో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలా పడి, 8,000 దగ్గర మళ్లీ కొంత లేస్తుంది. అరవై ఏళ్లకు రెండూ కలిసిపోయి విడదీయడం కష్టమవుతుంది, కాబట్టే పనిలో చేరిన రోజు తీసిన పరీక్ష కావాలి. ఆ మొదటి కాగితం తీయకుండా, ముప్పై ఏళ్ల తర్వాత ‘ఇది వయసు వల్ల కాదని ఏమిటి రుజువు’ అని అడగడం అన్యాయం. పెళ్లి ఊరేగింపుల డీజేలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు చేసే హాని సంగతేమిటని కూడా అడగవచ్చు. అవీ చెవిని చెడగొడతాయి. కానీ డీజే నుంచి దూరంగా జరిగే స్వేచ్ఛ ఉంది. ఎనిమిది గంటల షిఫ్టులో యంత్రం పక్క నుంచి జరిగితే కూలి పోతుంది.

ఎక్కువగా వినబడే వాదన మరొకటి: ఇయర్ ప్లగ్గులు ఇస్తున్నాం, కార్మికులే పెట్టుకోరు. ఈ మాటలో కొంత నిజం ఉంది కాబట్టి గౌరవంగానే సమాధానం చెప్పాలి. మిల్లులో పాతకాపు చెవితోనే యంత్రాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. బేరింగు చప్పుడు మారితే రోలరు ఆగబోతోందని ఆయనకు తెలుస్తుంది. ఆపమని ఎవరైనా కేకేస్తే వినబడాలి. చెవి మూసుకుంటే ఆ రెండూ పోతాయన్న భయం మూర్ఖత్వం కాదు, పని తెలిసినవాడి జాగ్రత్త. చెమటలో, చెరకు పిప్పి దుమ్ములో రోజంతా ప్లగ్గు పెట్టుకుంటే చెవి చీము పడుతుందన్న ఫిర్యాదునూ కొట్టిపారేయకూడదు. వృత్తి ఆరోగ్య శాస్త్రం ప్లగ్గును చివరి మార్గంగానే చెబుతుంది. దానికంటే ముందు ఆవిరి వాల్వుకు సైలెన్సరు పెట్టాలి, టర్బైను చుట్టూ గది కట్టాలి, యంత్రం కాళ్ల కింద రబ్బరు దిండ్లు వేయాలి, అరిగిన గేర్లు మార్చాలి, మోత ఎక్కువున్న చోట మనుషుల్ని వంతులవారీగా మార్చాలి. ఇవి చేయకుండా డబ్బాలో ప్లగ్గులు పెట్టి, సంతకం తీసుకుంటే యజమాని బాధ్యత తీరదు.

నష్టాల్లో ఉన్న సహకార మిల్లులకు ఈ ఖర్చు మోయడం కష్టమన్నది అన్నింటికంటే బరువైన అభ్యంతరం. అనకాపల్లి జిల్లా సహకార మిల్లులు పడిన కష్టాలు ఈ ప్రాంతం వారికి తెలియనివి కావు. మిల్లే మూతబడితే ఏ చెవిని కాపాడి ఏం లాభమని అడగవచ్చు. గోడలు కట్టడానికీ, టర్బైన్లు మార్చడానికీ డబ్బు కావాలి, నిజమే. కానీ వినికిడి పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. ఒక ఆడియోమీటరు, ఒక నిశ్శబ్దపు గది, శిక్షణ పొందిన ఒక మనిషి ఉంటే చాలు. జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం 2006–07 నుంచి ఉంది, దాని పరిధిలోనే ఇది చేయవచ్చు. పైగా మిల్లు మూతబడినంత మాత్రాన పాత కార్మికుల చెవులు తిరిగి రావు. మూతబడిన మిల్లు రిజిస్టర్లు చెల్లాచెదురైతే, ఎవరు ఏ యంత్రం దగ్గర ఎన్ని సీజన్లు పనిచేశారో చెప్పే సాక్ష్యం కూడా పోతుంది. ఆ హాజరు పుస్తకాలను భద్రపరచడం ఈరోజే చేయాల్సిన పని.

కొత్త చట్టాల కింద 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేస్తామని ప్రభుత్వం చెబుతోంది. మంచిదే. కానీ ఇరవయ్యో ఏట క్రషర్‌లో చేరినవాడికి నలభై వచ్చేసరికి చెవికి జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం జరిగిపోయి ఉంటుంది. మోత ఉన్న పనుల్లో వినికిడి పరీక్ష చేరిన రోజునే మొదలుకావాలి, ఏటా జరగాలి, ఆ కాగితం నకలు కార్మికుడి చేతికి ఇవ్వాలి. బి భాగంలోని ఆరు నెలల షరతును సీజను పనులకు వేర్వేరు ఏళ్ల సీజన్లు కూడి లెక్కగట్టేలా సవరించాలి. ఈఎస్ఐ నిర్వచనం నుంచి చక్కెర, బెల్లం అన్న మాటలు తీసేయాలి. ఇవి మన ఎంపీలు, ఎమ్మెల్యేలు అడగదగిన, అడగవలసిన విషయాలు. ఈలోగా చదువరులు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో మిల్లులోనో, క్వారీలోనో, జూట్ మిల్లులోనో పనిచేసి వచ్చిన పెద్దవారు టీవీ సౌండు పెంచుతున్నా, మాట రెండుసార్లు అడుగుతున్నా విసుక్కోకండి. ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి, ఏ పని ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు చెప్పి చీటీ మీద రాయించండి.